మైలేజీ అంకెతో పాటు దాన్ని ఎలా కొలిచారో కూడా రాయించండి: కేంద్ర రవాణా శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను విజయవాడలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. ట్రిప్ షీట్లు, టోల్ రసీదులు, బంకు బిల్లులు, డ్రైవర్ల బత్తాలు అన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి. కారు మైలేజీ గురించి మీకు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. కార్లు కొనేవాళ్లు ఈ సంగతి మీకు ఈపాటికే చాలాసార్లు చెప్పి ఉంటారు. కారు నడిపి బతికేవాళ్ల తరఫున నేను రాస్తున్నాను.

బ్రోచర్‌లో వేసే మైలేజీ అంకె పని షోరూములోనే అయిపోదు. అది ఓనరు మనసులో ఉండిపోతుంది. నెలాఖరున డ్రైవరుని నిలబెట్టి అడగడానికి పనికొస్తుంది. "కంపెనీవాళ్లు ఇరవై ఇస్తుందన్నారు, నీ చేతిలో పదిహేనే ఎందుకిస్తోంది?" లెక్క చూడండి. లీటరుకి 20 చొప్పున వెయ్యి కిలోమీటర్లకి 50 లీటర్లు. 15 చొప్పున అయితే దాదాపు 67 లీటర్లు. తేడా 17 లీటర్లు. లీటరు వంద దాటాక అది 1,700 రూపాయల పైమాటే. ఆ డబ్బు ఏమైందంటే మా లైన్లో అందరికీ ముందు తట్టే జవాబు ఒక్కటే: డ్రైవరు ఆయిల్ తీసి అమ్ముకున్నాడు. కొందరు జీతంలో కోస్తారు, కొందరు తాళాలు లాక్కుని పంపించేస్తారు. ఒకసారి ఆ పేరు పడితే ఆ స్టాండులోనే కాదు, పక్క స్టాండులోనూ బండి ఇవ్వరు.

ఆయిల్ తీసేవాళ్లు అసలు లేరని నేను అనను, ఉన్నారు. కానీ వాళ్లని పట్టుకోవాలన్నా, తప్పు చేయనివాణ్ణి కాపాడాలన్నా చేతిలో సరైన కొలత ఉండాలి. ఇప్పుడు ఓనర్లు పట్టుకునే కొలత ఆ బ్రోచర్ అంకె ఒక్కటే.

మా దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. ఎండాకాలంలో ఒక పెద్దావిడని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చిన ట్రిప్పు. షీటులో ఎనభై కిలోమీటర్లు ఉంది. వెళ్లేముందు, వచ్చాక ఒకే బంకులో ఫుల్ చేయిస్తే ఏడు లీటర్లు పట్టింది. ఓనరు కాగితం చూసి, "ఏమయ్యా, గుంటూరు పోయి రావడానికి ఏడు లీటర్లా?" అన్నాడు. "రెండు గంటలు బండి స్టార్టింగ్‌లోనే ఉంది సార్. టెస్టుల మధ్యలో పెద్దావిడని కారులోనే పడుకోబెట్టారు. ఆ ఎండలో ఏసీ ఆపితే పార్టీ ఊరుకుంటుందా?" అన్నాడు డ్రైవరు. ఓనరు నమ్మలేదు. నేను ఆసుపత్రి పార్కింగ్ చీటీ మీద టైము చూపించి, ఏసీ వేసి నిలబెట్టిన బండి గంటకి లీటరు దాకా తాగుతుందని లెక్క వేసి చెప్పాక తగ్గాడు. మా ట్రిప్ షీటులో స్టార్టింగ్ కిలోమీటరు, క్లోజింగ్ కిలోమీటరు, టైము, టోలు, పార్కింగు, ఆయిలు అన్నిటికీ గడులున్నాయి. బండి కదలకుండా ఇంజన్ ఎంతసేపు నడిచిందో రాయడానికి గడి లేదు. మీ పరీక్ష కాగితంలోనూ అలాంటి గడి కనబడదు.

ఆ పరీక్ష గురించి మా ఓనర్లకీ డ్రైవర్లకీ నేను చెప్పే మాటే ఇక్కడా రాస్తాను. మీకు తెలిసిందే అయినా, బయటివాళ్లకి అది ఎలా కనిపిస్తుందో మీరు చూడాలి.

పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో కారుని రోలర్ల మీద ఎక్కిస్తారు. చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. ముందు నుంచి పెద్ద ఫ్యాను గాలి కొడుతుంది. లోపల కూర్చున్న డ్రైవరు ఎదురుగా తెర మీద కనిపించే గీతని పట్టుకుని, ఏ సెకనుకి ఎంత స్పీడు ఉండాలో అంతే నడుపుతాడు. మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకి కాస్త తక్కువ. మొదటి 780 సెకన్లు సిటీ భాగం. అందులో 195 సెకన్ల వరస ఒకటే నాలుగుసార్లు వస్తుంది. తర్వాత 400 సెకన్లు ఊరి బయట రోడ్డు భాగం. పొగగొట్టం నుంచి వచ్చిన వాయువుని బ్యాగుల్లో పట్టి, దాంట్లో కార్బన్ ఎంతుందో కొలిచి, ఎంత పెట్రోలు కాలిందో దాన్నిబట్టి లెక్కగడతారు. ఇంధనంలో ఉన్న కార్బన్ మాయమైపోదు కాబట్టి ఈ లెక్క కచ్చితంగా వస్తుంది. మేము బంకులో చేసుకునే కొలతకి ఆ కచ్చితత్వం ఎప్పటికీ రాదు.

కాబట్టి ఆ అంకె అబద్ధమని నేను అనడం లేదు. రెండు కార్లని ఒకే తీరున నడిపి పోల్చడానికి అలాంటి పరీక్షే కావాలి. 2022–23 నుంచి ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 113 గ్రాములు దాటకూడదని పెట్టిన నిబంధన కూడా ఇలాంటి పరీక్ష లేకపోతే నడవదు. నా ఫిర్యాదు వేరే. ఏ పరిస్థితుల్లో వచ్చిందో చెప్పకుండా ఆ అంకెని ఒంటరిగా జనం మధ్యకి వదిలేస్తున్నారు.

పరిస్థితులంటే ఏమిటో ఒక్క సిటీ భాగంలోనే చూడొచ్చు. అందులో బండి సున్నా నుంచి 50 స్పీడుకి చేరడానికి 26 సెకన్లు తీసుకుంటుంది. మా విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక, వెనక ఆర్టీసీ బస్సు, పక్కన నాలుగు ఆటోలు ఉన్నప్పుడు ఎవరూ అంత నిదానంగా ఎత్తుకోలేరు. ఈ 195 సెకన్ల వరస మన రోడ్లు చూసి గీసింది కూడా కాదు. 1970 నాటికి యూరప్‌లో వాడకంలోకి వచ్చింది. అప్పటి కార్లకి ఆ ఎత్తుడే సరిపోయేది. ఇరుకు సందులో రెండో గేరులో పాకడం, స్పీడ్ బ్రేకరు దగ్గర ఆగి మళ్లీ ఎత్తడం, రాంగ్ సైడులో వచ్చిన బండికి బ్రేకు కొట్టడం ఆ గీతలో లేవు. బ్రేకు కొట్టిన ప్రతిసారీ అప్పటిదాకా పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగం వేడిగా మారి పోతుంది. సిటీలో మైలేజీ పడిపోవడానికి అసలు కారణం ఇదే.

పరీక్ష గదిలో వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ ఆపి ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండ 45 దాకా పోతుంది. గంటసేపు ఎండలో నిలబడ్డ కారు లోపలి వేడిని దించడానికి ఏసీ కంప్రెసరు ఇంజన్ మీద ఎంత బరువు వేస్తుందో, కారులో కూర్చున్న ఎవరికైనా ఆ శబ్దం మారడంలోనే తెలిసిపోతుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా దగ్గర దూరాల్లో, ఏసీ వల్ల మైలేజీ పాతిక శాతం పైన కూడా తగ్గొచ్చని అమెరికా ఇంధన శాఖ అక్కడి జనానికి చెప్తోంది. ఏసీ వేసి కూడా పరీక్షించాలన్న మాట మన దగ్గర చర్చలో ఉంది. అది ఎంత తొందరగా అమల్లోకి వస్తే అంత మంచిది. మన దేశంలో ఏసీ అదనపు సౌకర్యం కాదు. బండి అద్దెకి మాట్లాడేటప్పుడు పార్టీ అడిగే మొదటి మాటే అది.

ఇక వేగం. పరీక్షలో బండి 90 దాటదు. నాలుగు లైన్ల హైవే మీద కార్లకి 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120 అని 2018లో నోటిఫై చేసింది మీ శాఖే. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద కార్లకి 120 దాకా అనుమతి ఉంది. గాలి అడ్డు వేగంతో పాటు సమంగా పెరగదు, వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన, అంటే వేగం వర్గంతో పెరుగుతుంది. 90 మీద పోయే బండి 120కి చేరితే గాలి అడ్డు 78 శాతం పెరుగుతుంది. అంటే మీరు అనుమతించిన వేగంలో బండి ఎంత తాగుతుందో మీ పరీక్షలో ఎక్కడా కొలవడం లేదు. మా ఎల్లో ప్లేటు బళ్లకి 80 దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉంటుంది కాబట్టి హైవే మీద మాకు ఈ బాధ కొంత తక్కువ. కానీ పైన క్యారియర్ కట్టి, దాని మీద పట్టా కప్పి, అయిదుగురిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కే బండి విషయంలో బ్రోచర్ అంకె దేనికీ పనికిరాదు.

పెట్రోలు మారిన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య ఎక్కువ గొడవలు దీనివల్లే. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. కాబట్టి 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 లీటరులో, ఏమీ కలపని పెట్రోలు కన్నా శక్తి ఆరేడు శాతం తక్కువ. పది శాతం కలిపిన ఈ10తో పోలిస్తే మూడు నాలుగు శాతం తక్కువ. ఈ10కి తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో తగ్గేది ఒకటి రెండు శాతమేనని, మిగతా వాటిలో మూడు నుంచి ఆరు శాతం ఉండొచ్చని పెట్రోలియం శాఖ 2025లో ప్రకటించింది. మంచిదే. కానీ 2016లోనో 2018లోనో కొన్న బండి బ్రోచర్ మీద ఉన్నది అప్పటి పరీక్ష ఇంధనంతో వచ్చిన అంకె. ఈరోజు బంకులో దొరికేది ఈ20. ఓనరు ఆ పాత అంకెనే పట్టుకుని డ్రైవరుని అడుగుతున్నాడు. ఇథనాల్ విధానం మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు ఇక్కడ అక్కర్లేదు. దానివల్ల మారిన అంకెని జనానికి చెప్పే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.

మా ఆఫీసులో మేము కొలుచుకునే పద్ధతి కూడా రాస్తాను. మామూలు మనిషికి కొలత ఎంత కష్టమో దాంట్లో కనిపిస్తుంది. ఒకే బంకు, ఒకే పంపు, బండి నేల వాలు లేని చోట. నాజిల్ దానంతట అదే టక్కున ఆగగానే ఆపేయాలి, ఆ తర్వాత రౌండు ఫిగరు కోసం కొట్టించకూడదు. ట్రిప్ మీటరు సున్నా చేయాలి. ట్యాంకు బాగా ఖాళీ అయ్యాకే మళ్లీ అక్కడే ఫుల్ చేయించాలి. ఎందుకంటే నాజిల్ ఆగడంలో ఒక్కోసారి అర లీటరు తేడా వస్తుంది. పది లీటర్లు పట్టినప్పుడు ఆ అర లీటరు 5 శాతం, 35 లీటర్లు పట్టినప్పుడు ఒకటిన్నర శాతం లోపే. అయిదొందలకి కొట్టించి మైలేజీ చూసుకునేవాళ్ల లెక్కలు అందుకే నమ్మకూడదు. పంపు మీదే అనుమానం ఉంటే బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల పాత్ర ఉంటుంది, పోసి చూపించమని అడగొచ్చు. 25 మిల్లీలీటర్ల దాకా తేడాని చట్టం ఒప్పుకుంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందనేది వట్టి నమ్మకం. ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ వాటి వేడి పెద్దగా మారదు.

టైరు సంగతి చాలామందికి తట్టదు. కొత్త టైరుకి ఎనిమిది మిల్లీమీటర్ల లోతు గాడి ఉంటుంది. అరిగి చట్టం చెప్పిన 1.6 దాకా వస్తే టైరు వ్యాసం పన్నెండు పదమూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. చిన్న కారు టైరుకి అది 2 శాతం. అంటే టైరు అరిగిన బండి మీటరు నడిచిన దానికన్నా ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది. కొత్త టైర్లు వేయించిన నెలలో మైలేజీ పడిపోయిందని ఓనరు గొడవకి వస్తాడు. డ్యాష్‌బోర్డు తెర మీద కనిపించే మైలేజీ కూడా బంకు లెక్కతో కలవదు. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందో చూసి వేసే లెక్క అది, ఎక్కువ బళ్లలో కొంచెం ఎక్కువే చూపిస్తుంది. సీఎన్‌జీ అయితే ఇంకా కష్టం. సిలిండరులో ఎంత పట్టిందన్నది గ్యాసు ఒత్తిడి మీద, వేడి మీద ఆధారపడుతుంది. ఒక్క ఫిల్లింగుతో ఏమీ తేల్చకూడదు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక కూడా లెక్క కట్టడంలో తప్పులు జరుగుతాయి. ఒకరోజు సిటీలో వంద కిలోమీటర్లు, లీటరుకి 10. మర్నాడు హైవే మీద వంద, లీటరుకి 20. సగటు 15 అంటారు అందరూ. కాదు. మొదటిరోజు పది లీటర్లు, రెండోరోజు అయిదు. రెండొందల కిలోమీటర్లకి పదిహేను లీటర్లు, అంటే 13.3. మొత్తం కిలోమీటర్లని మొత్తం లీటర్లతో భాగించాలి తప్ప మైలేజీలని కూడి సగం చేయకూడదు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అనే కొలతలోనే ఈ చిక్కు ఉంది. 10 ఇచ్చే బండిని 12కి తెస్తే వెయ్యి కిలోమీటర్లకి దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే బండిని 24కి తెస్తే మిగిలేది 8 లీటర్ల పైచిలుకే. వినడానికి రెండోదే పెద్ద లాభంలా ఉంటుంది. యూరప్‌లో వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చెప్తారు, ఆ అంకెని నేరుగా కూడొచ్చు, ధరతో గుణించొచ్చు. మన అలవాటు అంకె తీసేయమని అడగను. దాని పక్కన ఇది కూడా వేయించండి.

బయటి దేశాల సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి అధిక వేగం, ఏసీ, చలి ప్రభావాలని కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. సిటీ, హైవే అంకెలు వేరువేరుగా కారు అద్దం మీద అతికించి ఉంటాయి. యూరప్ 2017లో పాత పద్ధతి వదిలి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్షా పద్ధతికి మారింది. అందులో పరీక్ష 1,800 సెకన్లు, దూరం 23 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 131. అంతటితో ఆగలేదు. 2021 నుంచి కొత్త కార్లలో నిజంగా ఎంత ఇంధనం కాలిందో నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ వివరాలు పోగుచేసి, పెట్రోలు, డీజిల్ కార్లు పరీక్ష అంకె కన్నా రోడ్డు మీద సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయని 2024లో యూరోపియన్ కమిషనే బయటపెట్టింది. అంత కొత్త పరీక్ష పెట్టుకున్నవాళ్లే ఈ తేడాని ఒప్పుకుని చెప్తున్నప్పుడు, మన దగ్గర ఆ తేడాకి డ్రైవరు ఎందుకు జవాబు చెప్పుకోవాలి?

మన దగ్గరా డబ్ల్యూఎల్‌టీపీకి మారే ప్రతిపాదన ఉంది. మారండి. అయితే అది వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. పరీక్షలో సిటీ భాగం, ఊరి బయట భాగం ఎలాగూ వేరుగా నడుస్తున్నాయి. ఆ రెండు అంకెలూ విడివిడిగా ప్రకటించేలా కంపెనీలని ఆదేశించండి. పాత పద్ధతి ఉన్న రోజుల్లోనే యూరప్‌లో అలా ఇచ్చేవాళ్లు. ఏ ఇంధనంతో పరీక్షించారో, ఏసీ ఉందో లేదో, గరిష్ఠ వేగం ఎంతో బ్రోచర్‌లో అంకె పక్కనే అంతే పెద్ద అక్షరాలతో, అమ్మే రాష్ట్రం భాషలో వేయించండి. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ నిబంధనల రెండో దశ కింద కార్ల పొగని నిజమైన రోడ్ల మీదే, బండికి పరికరం కట్టి కొలుస్తున్నారు కదా. ఆ పరికరం కార్బన్ డయాక్సైడ్‌ని కూడా కొలుస్తుంది. దాంట్లోంచి ఎంత ఇంధనం కాలిందో తేలుతుంది. కొత్తగా ఖర్చు పెట్టకుండానే రోడ్డు మీది అంకె మీ చేతికి వస్తుంది. దాన్ని జనానికి ఇవ్వండి.

కొత్త కార్లలో యూరప్‌లా ఇంధన నమోదు తప్పనిసరి చేసేటప్పుడు, బండి కదలకుండా ఇంజన్ నడిచిన సమయం, అప్పుడు కాలిన ఇంధనం కూడా విడిగా కనిపించేలా చేయండి. గుంటూరు ఆసుపత్రి బయట రెండు గంటలు ఏసీ వేసుకుని కూర్చున్న డ్రైవరుకి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఉండదు. పార్కింగ్ చీటీ ప్రతిసారీ దొరకదు.

చివరిగా ఒకటి అడుగుతున్నాను. ఈ లేఖ రాయడానికి కారణం కూడా ఇదే. మైలేజీ అంకె వేసే ప్రతి కాగితం మీద, "ఇది కార్లని పోల్చడానికి ప్రయోగశాలలో తీసిన అంకె. డ్రైవరు పనిని కొలవడానికీ, జీతంలో కోతకీ దీన్ని ఆధారంగా తీసుకోకూడదు" అని ఒక వాక్యం చేర్పించండి. నేను ఎన్ని లెక్కలు వేసి చెప్పినా ఓనర్లకి అది ఆఫీసు గుమస్తా మాటే. మీ ముద్ర ఉన్న కాగితం మీద ఆ వాక్యం ఉంటే, జీతాల రోజున దాన్ని తీసి వాళ్ల ముందు పెడతాను.

ఇట్లు,
ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు చూసే ఒక ఉద్యోగి,
విజయవాడ